మహారాజశ్రీ కరెంటు గారికి

మహారాజశ్రీ కరెంటు గారి దివ్య సముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా చెమటలు కక్కుతూ క్షేమం. మీరూ క్షేమమని తలుద్దామంటే ఎక్కడున్నారో తెలియడం లేదు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఎంగేజ్ వస్తోంది. రిసీవర్ తీసి పక్కన పెట్టేశారని మా వీధి వీధంతా నమ్ముతోంది.

మీరు వెళ్లే సమయానికి మా అమ్మ కొబ్బరి పచ్చడి తిప్పుతోంది. మిక్సీ గుర్రుమని ఆగింది. "పోయిందా?" అని వంటింట్లోంచి కేక. "పోయింది" అని నేను. "అందరిదీనా, మనదేనా?" బాల్కనీలోకి వెళ్లి, ఎదురింటివాళ్లు అట్టముక్కతో విసురుకుంటున్నారని చెప్పాక గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

ఫోన్‌లో 14 శాతం చార్జింగ్ ఉంది. ఈ ఉత్తరం దాంట్లోనే ముగించాలి, కాబట్టి సూటిగా మీ పేరు సంగతికి వస్తాను.

వంశం గొప్పదే. లాటిన్‌లో కుర్రెరే అంటే పరుగెత్తడం. మీరు, కరెన్సీ, కొరియర్, కర్సర్, కారిడార్ అందరూ ఆ ఇంటి పిల్లలే. కారిడార్ మీ చుట్టమని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. ఆసుపత్రి కారిడార్‌లో పరుగెత్తినవాళ్ల కంటే గోడకు ఆనుకుని నిలబడినవాళ్లనే ఎక్కువమందిని చూశాను. కొరియర్ గురించి చెప్పక్కర్లేదు, 'ఔట్ ఫర్ డెలివరీ' అంటూ మూడు రోజులుగా ఊళ్లోనే ఉన్నాడు. పేరుకు తగ్గ పని చేసే అలవాటు మీ ఇంట్లోనే లేనట్టుంది.

ఇంగ్లీషువాళ్ల దగ్గర ఏటి వడీ మీరే, సముద్రంలో పారే ప్రవాహమూ మీరే, 'ఇప్పటి' అన్న అర్థమూ మీదే. మా దగ్గర నీళ్ల శాఖ మీకు దక్కలేదు. గోదావరికి వరదొస్తే వడి ఎక్కువగా ఉందంటాం, ఉరవడి అంటాం, మీ పేరెత్తం. మిమ్మల్ని తీసుకెళ్లి తీగలో పెట్టాం. అక్కడైనా పారుతున్నారా అంటే, పదో తరగతి భౌతికశాస్త్రం బయట 'కరెంటు ప్రవహిస్తోంది' అన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. మీరు వస్తారు, పోతారు, కొడతారు, కాలుస్తారు. మిమ్మల్ని ఇచ్చేదీ తీసేదీ పైవాళ్లు. ఇంట్లో నలుగురూ కూర్చుని ఉండగా ఒకరు 'పోయింది' అంటే, ఏం పోయిందని మిగతా ముగ్గురూ అడగరు. మా భాషలో ఆ క్రియ దాదాపు మీ సొంత ఆస్తి.

పోనీ ప్రవహించేది నిజమేనా అని ఆరా తీస్తే అదీ తేడాగానే ఉంది. మా ఇంటికొచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు, 50 హెర్ట్జులు. అంటే సెకనుకు 50 సార్లు ముందుకూ 50 సార్లు వెనక్కీ. తీగలో ఎలక్ట్రాన్ సబ్‌స్టేషన్‌లో బయల్దేరి మా ఇంటికి రానే రాదు, ఉన్నచోటే వణుకుతుంది. చేరేది శక్తి మాత్రమే. దాని వెనకే బిల్లు. పుస్తకాల్లో మీరు పారే దిక్కు చూపించే బాణం గుర్తు కూడా తలకిందులే. పద్దెనిమిదో శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక దిక్కు ఊహించి పెట్టాడు. 1897లో ఎలక్ట్రాన్ దొరికాక చూస్తే అది తీగలో ఎదురు దిక్కున నడుస్తోంది. అయినా బాణాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఒకసారి ఫైలెక్కిన తప్పును ఎవరు దిద్దుతారు చెప్పండి?

మీ పేరు వల్ల మా ఇంట్లో జరిగిన గొడవ ఒకటి మీకు చెప్పి తీరాలి. 2013, ఉమ్మడి రాష్ట్రం. కోతల మీద కోతలు. మా తాతయ్య రిటైరైన లెక్కల మాస్టారు, పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా భూతద్దంతో చదివేవారు. ఒకరోజు నన్ను పిలిచి, "కరెంట్ ఖాతా లోటు 4.8 శాతం అని రాశాడ్రా. ఇరవై నాలుగు గంటల్లో 4.8 శాతమంటే గంటా పది నిమిషాలు కూడా లేదు. ఆరు గంటలు తీస్తున్నారేం? మిగతాది ఎవడు తింటున్నాడు?" అన్నారు. అది దేశపు లెక్క తాతయ్యా, 2012–13లో విదేశాలకు మనం కట్టింది మనకొచ్చినదాన్ని మించిపోయింది, ఆ తేడా జీడీపీలో 4.8 శాతం అని అరగంట వివరించాను. ఓపిగ్గా విన్నారు. భూతద్దం తుడుచుకుంటూ, "అయితే ఆ కరెంటు వేరు, ఈ కరెంటు వేరు. రెండూ లోటే" అన్నారు. నా అరగంటలో తప్పేమీ లేదు గానీ, ఆయన మాటే బాగుంది.

పల్లెలో మీ రాజసం వేరు. 2004లో సేద్యానికి ఉచితమయ్యారు. ఉచితమయ్యాక వేళాపాళా అడగడం మర్యాద కాదు కదా. రాత్రి ఒంటిగంటకు త్రీ ఫేజ్ ఇస్తారని మా పెదనాన్న బోరు దగ్గరే మంచం వేసుకునేవాడు. నిద్ర చాలక ఆటో స్టార్టర్ పెట్టించాడు. ఊరంతా అదే పని చేసింది. మీరు రాగానే మోటార్లన్నీ ఒక్క ఉదుటున లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మనేది. దాన్ని దింపి బాగు చేయించేదాకా మంచంతో పనే లేదు.

బ్యాంకులో మీ పేరిట ఖాతా ఉంది, దానికి వడ్డీ రాదు. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో మీ పేరిట ఒక సబ్జెక్టే ఉంది. తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది, ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది, 2024లో మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు బట్టీ కొట్టిన కరెంట్ అఫైర్స్‌ను పిల్లలు ఈలోగా చరిత్ర పుస్తకాల పక్కకు సర్దుకున్నారు.

సముద్రం దాటినా మిమ్మల్ని తప్పించుకోలేకపోయాం. మా పిన్ని కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, గ్రీన్‌కార్డు వరుసలో. అక్కడ ప్రతినెలా వీసా బులెటిన్ వస్తుంది, దరఖాస్తు తేదీ దాకా వరుస వచ్చి 'కరెంట్' అయితేనే పని కదులుతుంది. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-2 తరగతిలో భారతీయుల తుది తేదీ 2024 పొడవునా 2012 దాటలేదు. "వాడికింకా కరెంట్ కాలేదే" అని పిన్ని ఫోన్‌లో దిగులుపడితే, మా అమ్మ "అయ్యో, అక్కడ కూడా పోతుందా? ఇన్వర్టర్ పెట్టించుకోమను" అంది. నేను నవ్వాను గానీ, 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు టెక్సస్‌లో నిజంగానే రోజుల తరబడి పోయింది. ఆ వారం వాడికి మీరు ఏ అర్థంలోనూ లేరు.

చార్జింగ్ 3 శాతానికి వచ్చింది, సెలవు.

ఇట్లు,
మీ సర్వీసు నంబరు

తా.క.: ఎంతవరకు నలిగిందో చూద్దామని అమ్మ మిక్సీ మూత తీసింది. స్విచ్చి వేసే ఉంది. తను టార్చి కోసం పక్కింటికి వెళ్లింది. నాకు ఈ చీకట్లో వంటింట్లోకి వెళ్లే ధైర్యం లేదు. దయచేసి ఇంకో పది నిమిషాలు ఎక్కడున్నారో అక్కడే ఉండండి.