మంత్రసాని సాక్ష్యం కల్పన కాదు
ఏరియల్ లాహన్ నవల 'ది ఫ్రోజెన్ రివర్' మీద వచ్చిన వ్యాసంలో, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మంత్రసాని మాటను కోర్టు లెక్కచేసిందంటే నమ్మబుద్ధి కాలేదని, నవలలో అది మరీ అతి అని రాశారు. నాకు పేచీ అక్కడే. అప్పటి అమెరికాలోని మసాచుసెట్స్‌లో (కథ జరిగే మెయిన్ ఇంకా అందులోనే ఉండేది) పెళ్లికాని పిల్ల నొప్పులు పడుతూ బిడ్డ తండ్రి పేరు చెబితే అది చట్టం ఒప్పుకునే సాక్ష్యం. ఆ మాట విని కోర్టుకు చెప్పాల్సింది మంత్రసానే. కథానాయిక, మంత్రసాని మార్తా బల్లార్డ్ నిజంగా బతికిన మనిషి. 1791లో సాలీ పియర్స్‌కు పురుడు పోస్తూ అడిగితే ఆ అమ్మాయి చెప్పిన పేరు ఎవరిదనుకున్నారు? మార్తా కన్నకొడుకు జోనథన్‌ది! అదీ దాచకుండా డైరీలో రాసుకుంది మహాతల్లి. నాలుగు నెలలకు వాళ్లకు పెళ్లయింది. 27 ఏళ్లలో 816 కాన్పులు రాసిపెట్టింది, రుసుము ముట్టితే మార్జిన్‌లో గుర్తు కూడా, పాలవాడి ఖాతాలాగా. నవలలో కనిపించే ఆ ఊరి జడ్జి నార్త్ మీద అత్యాచారం కేసూ నిజమే, నిర్దోషి అని వదిలేశారు. నాకైతే అతికించినట్టు అనిపించింది నవలలో మంచులో దొరికే శవం, ఆ హత్య ముడి. కోర్టు ఘట్టాలు చదివాక హంతకుడెవరన్న ధ్యాసే లేకుండా పోయింది.