రక్తంలో పాదరసం తగ్గితే మెదడు బాగైనట్టు కాదు

కీలేషన్ (ఒంట్లోని లోహాలను మందులతో బయటికి పంపే చికిత్స) చేయిస్తే పాదరసంతో దెబ్బతిన్న మెదడు మళ్ళీ మామూలవుతుందని వ్యాసంలో రాశారు. దయచేసి ఆ వాక్యం సరిచేయండి. ఇరాక్‌లో 1971-72లో మిథైల్ మెర్క్యురీ (పాదరసం ఉన్న ఒక విష రసాయనం) పట్టించిన విత్తన గోధుమలతో రొట్టెలు చేసుకుని తిని 6,530 మంది ఆస్పత్రుల పాలయ్యారు, 459 మంది చనిపోయారు. పాపం, అవి విత్తడానికి ఇచ్చిన గింజలు. కీలేషన్ మందులైన డీఎంపీఎస్, పెనిసిలమైన్ ఇస్తే రక్తంలో పాదరసం త్వరగా తగ్గింది. కానీ పోయిన చూపును, తప్పిన నడకను ఆ మందులు తిరిగి తేలేకపోయాయి. పాత మందు డైమెర్కాప్రాల్ అయితే ఈ రకం విషానికి అసలు ఇవ్వకూడదు, పాదరసాన్ని మెదడులోకి ఇంకా చేర్చే ప్రమాదం ఉంది. జపాన్‌లో ఇదే విషం బారిన పడిన మినమాట పట్టణ బాధితులకు కూడా ఇన్నేళ్ళుగా ఆసరా ఫిజియోథెరపీ, లక్షణాలను బట్టి ఇచ్చే మందులే. వ్యాసంలోని ఆ వాక్యం చదివి ఏ తల్లో బిడ్డ కోసం అప్పు చేసి కీలేషన్‌కు పరుగెత్తుతుందేమోనని నా భయం.