నడిపోడి పంచాయితి

ప్రపంచ క్రికెట్ భవిష్యత్తు దుబాయ్‌లోని ఐసీసీ ఆఫీసులో తేలుతుందని చాలామంది అమాయకంగా నమ్ముతున్నారు. అది తేలేది హనుమకొండ నైంనగర్‌లో, మా సందు మొదట్లో ఉన్న ఛాయ్ హోటల్ ముందు. దుబాయ్‌కి కబురు పోవడమే కొంచెం ఆలస్యమవుతుంది. మొన్న ఆదివారం పొద్దున అక్కడ కూర్చున్న పంచాయితిలో ఒకటే సంగతి: వన్డే క్రికెట్‌ని ఇంకా ఇంట్లో ఉంచుకోవాలా, లెక్క చూసి పంపించేయాలా?

హాజరైన పెద్దమనుషులు ముగ్గురు. టెస్టుల తరఫున రిటైరైన లెక్చరర్ సారు. ఐదు రోజులాడి డ్రా అయిన మ్యాచ్ గురించి ఇంకో ఐదు రోజులు మాట్లాడగల శక్తిమంతుడు. టీ20 తరఫున మా అక్క కొడుకు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వాళ్లమ్మ పంపిన వాయిస్ మెసేజీని కూడా డబుల్ స్పీడులోనే వింటాడు. మధ్యవర్తిగా వాళ్ల నాన్న, అంటే మా బావ. ఆయనకు ఎరువుల దుకాణం ఉంది, క్రికెట్ తెలియదు. అందుకే తీర్పు చెప్పే అర్హత ఆయనకే ఉందని అందరం ఒప్పుకున్నాం.

నాకు మాత్రం ఓటు లేదన్నారు. ఈ విషయంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేనని సారు అభ్యంతరం. ఆయన అన్నదీ నిజమే. నేను నడిపోణ్ణి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మా దిక్కు ఇంట్లో ముగ్గురు కొడుకులుంటే పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. పెద్దోడికి తాత పేరు పెడతారు. చిన్నోడికి రెండు మూడు ముద్దుపేర్లుంటాయి. మధ్యవాడికి వరసే పేరు. ఏ ఊళ్లో వాకబు చేసినా నడిపి రాజయ్యలు, నడిపి మల్లయ్యలు దండిగా తగులుతారు. పెద్దోడు మర్యాదస్తుడు కాబట్టి అతనికి పని చెప్పరు. చిన్నోడు ఇంకా చిన్నోడే కాబట్టి, వాడికి నలభై ఏళ్లొచ్చినా చెప్పరు. గ్యాస్ సిలిండర్, కరెంటు బిల్లు, అమ్మ మోకాళ్ల డాక్టరు, చుట్టాలను కాజీపేట స్టేషన్‌లో దించి రావడం, ఇవన్నీ నడిపోడి శాఖలు. చివరికి పంపకాల రోజున 'వీనికేమిద్దాం?' అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. క్రికెట్ ఇంట్లో ఐదు రోజుల టెస్టు పెద్దోడు, యాభై ఓవర్ల వన్డే నడిపోడు, ఇరవై ఓవర్ల టీ20 చిన్నోడు. అక్కడ ఇప్పుడు నడుస్తున్నది సరిగ్గా ఆ ఘట్టమే.

వన్డే పుట్టుకే చూడండి. కావాలని కన్నవాళ్లు లేరు. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ టెస్టు వానకు కొట్టుకుపోతే, జనాన్ని ఉత్తచేతులతో పంపడం బాగుండదని 1971 జనవరి 5న ఒక్కరోజు ఆట పెట్టారు. ఓవర్‌కు ఎనిమిది బంతులు, జట్టుకు 40 ఓవర్లు. చూడ్డానికి 46 వేల మంది వచ్చారు. పెద్దోడికి జ్వరమొస్తే వాడి బదులు బడికి పోయి హాజరు పలికిన పిల్లాడన్నమాట. పెద్దోడు దాన్ని చాలాకాలం మరిచిపోలేదు. 1975లో మొదటి ప్రపంచకప్ మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ 60 ఓవర్లలో 334 కొడితే, మన గవాస్కర్ 174 బంతులాడి 36 పరుగులతో నాటౌట్‌గా మిగిలాడు. తమ్ముడి పెళ్లికి వచ్చి, తిననని చెప్పకుండా, విస్తరి ముందు కూర్చుని ఒక్కో మెతుకు ఏరుకున్న అన్న నాకు ఆ స్కోర్‌కార్డులో కనిపిస్తాడు.

నడిపోడికి చిన్నప్పటి ఫొటోలుండవు. మా ఇంట్లోనూ అంతే. అన్నయ్య బోర్లా పడ్డ ఫొటో ఫ్రేము కట్టించి ఉంది. తమ్ముడిది ఏకంగా ఆల్బమే ఉంది. నేను ఎవరి పెళ్లి ఫొటోలోనో మూలకు సగం చెయ్యిగా ఉన్నాను. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద మనది 17కు 5 వికెట్లు. అప్పటికే క్రీజులో ఉన్న కపిల్‌దేవ్ 175 నాటౌట్. ఆ ఇన్నింగ్స్‌కి వీడియో లేదు. వారం తిరగ్గానే కప్పు తెచ్చిన కొడుకు చేసిన అతి పెద్ద పనికి సాక్ష్యం, చూసినవాళ్లు చెప్పుకున్న మాటలే.

సంపాదన సంగతి ఇంకా తమాషా. ఇప్పుడు ఐపీఎల్ హక్కులు వేల కోట్లకు పోతున్నాయని మా అల్లుడు తన సొంత ఆస్తిలా చెప్పాడు. ఆ కోట్లు వచ్చే దారి వేసిందెవరు? 1993లో హీరో కప్ అనే వన్డే టోర్నీ ప్రసారం మీద దూరదర్శన్ వాళ్లకూ క్రికెట్ వాళ్లకూ తగాదా వచ్చి, సుప్రీంకోర్టు దాకా పోయింది. 1995లో కోర్టు గాలి తరంగాలు ప్రజల సొత్తు, ప్రభుత్వ గుత్తసొత్తు కాదంది. నడిపోడు కోర్టు మెట్లెక్కి గెలిచిన ఆ గాలిలో ఇవాళ చిన్నోడు గాలిపటాలు ఎగరేస్తున్నాడు. ఈ మాట అంటే మా అల్లుడు 'అదంతా హిస్టరీ మామా' అన్నాడు. ఊళ్లో పొలం నేనెట్ల కాపాడిన్నో చెప్తే మా తమ్ముడు కూడా ఇదే అంటాడు.

సరే, అభియోగాలకు వద్దాం. మొదటిది: వన్డే ఎనిమిది గంటలు తింటుంది. ఈ కాలంలో అంత టైం ఎవరికుంది?

దీనికి నా దగ్గర ఒక అనుభవం ఉంది. 2023 జనవరి 18, ఉప్పల్‌లో న్యూజిలాండ్‌తో వన్డే. అల్లుడు సంక్రాంతి సెలవుకు ఇక్కడే ఉన్నాడు. ఇద్దరం హనుమకొండ నుంచి కారులో పోయాం. డ్రైవింగ్ ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఘట్‌కేసర్ దాకా హాయిగా పోయి, అక్కణ్ణుంచి స్టేడియం దాకా పాకుతూ చేరాం. ఆ ఉప్పల్ ఫ్లైఓవర్ ఏండ్ల తరబడి మిడిల్ ఓవర్లలోనే ఉండిపోయింది. దాన్ని రద్దు చేయాలని మాత్రం ఎవరూ అనరు. ఆ రోజు శుభ్‌మన్ గిల్ 208 కొట్టాడు, మనది 349. వాళ్లు 131కి 6 వికెట్లు పోగొట్టుకోగానే అల్లుడు లేచి నిలబడ్డాడు. 'అయిపోయింది మామా, ట్రాఫిక్ కాకముందే ఎల్లిపోదాం.' మేనల్లుడి మాట, కాదనలేం. భువనగిరి దాటాక ఒక దాబాలో రోటీలు చెప్పి కూర్చుంటే, పక్క టేబుల్ మీద నీళ్ల జగ్గుకు ఆనించి పెట్టిన ఫోన్‌లో బ్రేస్‌వెల్ అనే మనిషి, మేం వదిలేసి వచ్చిన మ్యాచ్‌ని అక్కడే పట్టుకుని ఆడుతున్నాడు. ఆఖరి ఓవర్లో 20 కావాలి. మొదటి బంతే సిక్స్. నా చేతిలో రోటీ ముక్క పప్పు గిన్నె మీదే ఆగిపోయింది. 78 బంతుల్లో 140 కొట్టి అతను అవుటయ్యాడు, మనవాళ్లు 12 పరుగులతో గెలిచారు. దాబా అంతా చప్పట్లు. టికెట్ కొని పోయినవాళ్లం మేమిద్దరమే, ఆ సంగతి అక్కడ ఎవరికీ చెప్పుకోలేదు.

మరుసటి ఏప్రిల్‌లో అదే అల్లుడు టీ20 కోసం హనుమకొండ నుంచి ఉప్పల్‌కు మూడు గంటలు పోయి, మూడు గంటలు వచ్చి, మూడున్నర గంటలు ఆట చూశాడు. టైం లేని మనిషి.

రెండో అభియోగం అసలైనది: మిడిల్ ఓవర్లు. 11 నుంచి 40 దాకా ఏమీ జరగదు, సింగిల్సే సింగిల్స్. ఇక్కడ లెక్చరర్ సారు కూడా అల్లుడి పక్షం చేరి తల ఊపాడు. లంచ్ నుంచి టీ దాకా 40 పరుగులొస్తే పరవశించే మనిషి!

నేను ఉండబట్టలేక ఓటు లేకున్నా నోరు తెరిచాను. బతుకమ్మ తొమ్మిది రోజులు ఆడతాం. ఎంగిలిపూల నాడు వెయ్యి స్తంభాల గుడి దగ్గర ఇసుకేస్తే రాలదు. సద్దుల నాడు పద్మాక్షి గుండం దగ్గర అంతే. మధ్యలో అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మలకు వాడకట్టులో పదిమంది ఆడోళ్లు, నలుగురు పిల్లలు. ఆరోనాడైతే బతుకమ్మ అలుగుతుంది, అసలు పేర్చనే పేర్చం. వాన పడి కవర్లు కప్పినట్టు. మరి మధ్యలో ఏడు రోజులు జనం పల్చగా ఉన్నారని మొదటి రోజు, చివరి రోజు ఉంచి మిగతావి ఎత్తేద్దామా?

బావ వెంటనే 'ఆ మాట ఇంట్ల అనకు' అన్నాడు. పంచాయితి మొత్తంలో ఆయన చెప్పిన తీర్పు అదొక్కటే, అదీ భయంతో.

అయితే నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్లో కేఎల్ రాహుల్ 107 బంతులాడి 66 చేశాడు, అందులో ఫోర్ ఒక్కటే. అప్పుడు అసెంబ్లీ ఎన్నికలు పదకొండు రోజుల్లో ఉన్నాయి. మా కాలనీలో ఒక నాయకుడు పెద్ద స్క్రీన్, రెండు వందల కుర్చీలు వేయించాడు. రాహుల్ ఆడుతున్నంతసేపు జనం ఒక్కొక్కరే లేచి ప్రచార ఆటో పాటలు వినడానికి రోడ్డు మీదికి పోయారు. అంత బోరు కొట్టింది. నేను కదల్లేదు. ఆస్ట్రేలియా ట్రావిస్ హెడ్ 137 కొట్టి మనల్ని ఓడించాక నేను కూర్చున్న కుర్చీ కూడా మడిచేశారు.

మూడో సంగతి అభియోగం కాదు, వైద్యం. నడిపోడికి కొంచెం నలతగా ఉంటే చుట్టాలంతా తలా ఒక పథ్యం చెప్తారు. 60 ఓవర్లు ఎక్కువని 50 చేశారు. బౌండరీ దగ్గర ఫీల్డర్లను తగ్గించే పవర్‌ప్లే అన్నారు. 2005లో సూపర్‌సబ్ అని, ఆట మధ్యలో బదులు ఆటగాణ్ణి దింపే ఒక కషాయం పట్టించి, ఏడాది తిరగకముందే వద్దులే అన్నారు. 2011 నుంచి రెండు కొత్త బంతులు వాడారు. బంతి పాతబడదు, రివర్స్ స్వింగ్ రాదు, బౌలర్లు ఏడ్చారు. 2025లో మళ్లీ 34 ఓవర్ల తర్వాత ఒకే బంతి అన్నారు. 1992 ప్రపంచకప్ సెమీఫైనల్లో అయితే దక్షిణాఫ్రికాకు 13 బంతుల్లో 22 కావాల్సింది, వాన వెలిసేసరికి అప్పటి వాన నియమం లెక్కతో ఒక బంతికి 21 అయింది. 2019 ప్రపంచకప్ ఫైనల్ టై, సూపర్ ఓవరూ టై. ఎవరు ఎక్కువ ఫోర్లు, సిక్సులు కొట్టారో లెక్కపెట్టి ఇంగ్లండ్‌కు కప్పిచ్చారు. ఇన్ని మందులు మింగి కూడా బతికున్న మనిషిని 'వీడి ఆరోగ్యం బాగాలేదు' అంటే వాడేం చెప్పాలి?

ఇంకోటి. కోహ్లీ, రోహిత్ 2024లో టీ20 కప్పు గెలవగానే చిన్నోడి ఇంటి నుంచి సెలవు తీసుకున్నారు. 2025 మేలో పెద్దోడి ఇంటి నుంచీ వచ్చేశారు. ఇప్పుడు ఎవరింట్లో ఉంటున్నారు? ముసలివాళ్లయినా, చుట్టాలైనా, ఆఖరికి పెట్టె సర్దుకుని దిగేది నడిపోడి గుమ్మంలోనే. మన ఆడపిల్లలు మొదటి ప్రపంచకప్ తెచ్చిందీ ఈ గుమ్మంలోకే. 2005లో, 2017లో మిథాలీ రాజ్ నాయకత్వంలో ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయారు. 2025 నవంబర్ 2 అర్ధరాత్రి నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను ఓడించారు. ఆ జట్టులో మన కడప జిల్లా శ్రీచరణి ఉంది. ఆ రాత్రి ఎవరూ ఆవలించలేదు. మా బావతో సహా.

అల్లుడు మొండివాడు. 'ముగ్గురు ఎక్కువ మామా, ఇద్దరు చాలు' అన్నాడు. అట్లనే కానీ అన్నాను. నడిపోణ్ణి తీసేస్తే ఇద్దరే మిగులుతారు. రేపు టీ10 పెద్దదై ఇంటికొస్తుంది. అప్పుడు మళ్లీ ముగ్గురు. నడిమిట్ల కూర్చునేది మీ టీ20. 'మూడున్నర గంటలా? ఎవరికుంది టైం?' అని నీ కొడుకు అడుగుతాడు, నువ్వు ఇదే బెంచీ మీద కూర్చుని జవాబు చెప్పుకో.

పంచాయితి తేలకుండానే వాయిదా పడింది. బావకు యూరియా లారీ వచ్చిందని ఫోనొచ్చింది. ఛాయ్ డబ్బులు నేనిచ్చాను.

ఆ మధ్యాహ్నం వన్డే ఉంది. ఆశ్చర్యంగా అందరూ మా ఇంటికే వచ్చారు. మా పంపకాల్లో అన్నయ్యకు ఊళ్లో ఇల్లు, తమ్ముడికి హైదరాబాద్ ప్లాటు పోగా, నాకు అమ్మా టీవీ వచ్చాయి. సారు సోఫా మూల పట్టాడు. అల్లుడు 15వ ఓవర్‌కే దివాన్ మీద గుర్రు పెట్టాడు. 28వ ఓవర్లో లేచి, కళ్లు నులుముకుంటూ స్కోరు అడిగాడు. చెప్పాను. 'ఏం పోలేదన్నమాట' అని బాత్రూంకి పోయి వచ్చాడు.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"ఇంటర్వెల్ ఎప్పుడురా?"

"ఇంకా ఇరవై రెండు ఓవర్లున్నయ్ అమ్మమ్మా."

"అయితే మస్తు టైముంది. ఇంకో రెండు గిన్నెలకు సర్వపిండి ఒత్తుత. పల్లీలు దంచుదువు, లోపలికి రా."