నాయన వాచీ కొంటానంటే నవ్వడం ఎందుకు?

మొన్నటి ఉగాది వేడుకలో, పచ్చడి పంచడానికీ పంచాంగ శ్రవణానికీ మధ్య మన సంఘం యువజన విభాగం వారు పెట్టిన ఆట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాలంలో వెనక్కి వెళ్లి ఒకే ఒక వస్తువు కొనుక్కోగలిగితే ఏం కొంటారన్నది ప్రశ్న. రోలెక్స్ డేటోనా వాచీ అన్నవారికి చప్పట్లు పడ్డాయి. మొదటి ఐఫోన్ కొని పెట్టె విప్పకుండా దాచుకుంటానన్న కుర్రవాడికి ఈలలు పడ్డాయి. కావలి దగ్గరి పల్లె నుంచి కొడుకు ఇంటికి వచ్చి ఉన్న ఒక పెద్దాయన మైకు అందుకుని, పంట పోయిన ఏడు వాళ్ల నాయన తాకట్టు పెట్టి, మళ్లీ విడిపించుకోలేకపోయిన హెచ్ఎంటీ జనతా వాచీని కొనుక్కుంటానన్నారు. హాలంతా నవ్వింది. "దానికోసం అంత వెనక్కి వెళ్లడం ఎందుకండీ, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదా" అంటూ వ్యాఖ్యాత మైకు తీసేసుకున్నారు. ముందు వరుసలో కార్యవర్గమంతా కూర్చుని ఉంది. ఆయన మాట పూర్తి కానివ్వండని ఒక్కరూ అనలేదు. అది నన్ను ఇప్పటికీ గుచ్చుతోంది.

డేటోనా కోరుకున్నవారిని నేను తప్పు పట్టను. పాత వాచీలంటే నాకూ ప్రాణమే. 1963లో రోలెక్స్ ఆ వాచీని కారు పందేల వారికోసం తెచ్చింది. అందులో విడ్డూరపు అంకెలతో, రెండు మూడు రంగుల డయల్‌తో వచ్చిన రకం అప్పట్లో పెద్దగా ఎవరికీ నచ్చక దుకాణాల్లోనే పడి ఉండేది. సినీ నటుడు పాల్ న్యూమన్‌కు ఆయన భార్య జోన్ వుడ్‌వర్డ్ కొనిచ్చింది ఆ రకమే. 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన ఫిలిప్స్ వేలంలో అది కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. అదే రకానికి చెందిన ఇతర వాచీలు ఆ ధర దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఈ ఒక్కటే అంత పలకడానికి కారణం, అది ఎవరి చేతికి ఉండేదన్నదీ, పందేలలో కారు నడిపే భర్త కోసం ఆ ఇల్లాలు వెనక మూత మీద "జాగ్రత్తగా నడుపు, నేను" అని చెక్కించిన మాటలూ. ఈ సంగతి తెలిసిన ఎవరైనా, ఆ రోజు మన హాలులో సేకరణ అంటే ఏమిటో ఎరిగి జవాబిచ్చింది ఆ పెద్దాయనే అని ఒప్పుకుంటారు.

జనతా అన్న పేరు వినగానే నవ్వు వచ్చినవారికి ఆ వాచీ ఏమిటో తెలియదనుకుంటాను. ఫేవర్ లూబా, వెస్ట్ ఎండ్ వంటి విదేశీ వాచీలు కలిగినవారి చేతులకే కనిపించే కాలంలో, 1961లో జపాన్ వారి సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల కర్మాగారం మొదలైంది. అరుగుదల తగ్గించే పదిహేడు చిన్న రాళ్లు పొదిగిన యంత్రం ఉన్న ఈ జనతా రోజూ కీ ఇస్తే నడిచేది. బడిపంతులూ, కరణమూ, బస్సు కండక్టరూ కూడా కూడబెట్టుకుని కొనుక్కోగలిగిన వాచీ అది. 2016లో ఆ వాచీల సంస్థ మూతకు కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది.

మా నాయనకు అలాంటి వాచీ అలకపాన్పు మీద దక్కింది. కట్నాన్ని నేను ఏనాడూ సమర్థించలేదు, అలకపాన్పు పేరుతో ఆడపిల్ల తండ్రిని ఇరుకున పెట్టడం కూడా తప్పేనని నమ్ముతాను. అయినా కందుకూరు దగ్గర పొగాకు పండించే మా తాత, కొత్త అల్లుడు వాచీ అడిగాడని, బేళ్లు అమ్ముడయ్యేదాకా ఆగమని చెప్పి, బెంగళూరులో ఉన్న బంధువుకు ఉత్తరం మీద ఉత్తరం రాసి తెప్పించిన వైనం అమ్మ చెబుతుంటే వినడం నాకు ఇష్టం. వెనక మూత మీద నాయన పేరు, పెళ్లి తేదీ చెక్కించి ఉండేవి. ఆయన బడిపంతులు. పొద్దున స్నానం చేసి, రేడియోలో వార్తలు మొదలయ్యే వేళకు ముల్లు సరిచూసుకుని, వేలికొసలతో నిదానంగా కీ ఇచ్చి, ఆపైనే చొక్కా తొడుక్కునేవారు. బడిగంట ఆ వాచీని చూసే మోగేది. కాలవ నీళ్ల వంతుల దగ్గర తగువు వస్తే, "పంతులుగారి వాచీలో ఎంతయిందో కనుక్కురా పో" అని పిల్లవాణ్ణి మా ఇంటికి పంపేవారు.

కువైట్ నుంచి వచ్చిన మేనమామ సీకో ఫైవ్ వాచీ తెచ్చి ఇచ్చాక జనతా బీరువాలోకి చేరింది. తరువాత ఎప్పుడో ఇల్లు మారే హడావిడిలో, జరీ చీరలతో, పాత ఇత్తడితో పాటు అదీ స్టీలు సామాన్లవాడి గంపలోకి పోయింది. వాటికి బదులుగా అమ్మకు మూత ఉన్న పెద్ద గిన్నె వచ్చింది. ఆ గిన్నెలో ఆమె ఎన్ని పండగలకు పులిహోర కలిపిందో! ఆమెను నేను ఒక్క మాట కూడా అనలేను. నిలిచిపోయిన వాచీ కంటే వండిపెట్టే గిన్నె విలువైనదని ఆమె లెక్క వేసింది, ఆ ఇంటి అవసరాలకు ఆ లెక్క సరైనదే. కాలంలో వెనక్కి వెళ్లే వరం నాకు దొరికితే మాత్రం, ఆ వీధిలో ఆ గంపవాడిని ఆపి, అతను అడిగినంత ఇచ్చి ఆ వాచీ కొనుక్కుంటాను.

ఆన్‌లైన్‌లో దొరుకుతుందన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. అక్కడ హెచ్ఎంటీ పేరుతో తళతళలాడుతూ కనిపించేవాటిలో చాలావాటికి పాత డయల్‌ను గీకి, కర్మాగారం ఎన్నడూ వేయని రంగులు వేసి, నాలుగు వాచీల భాగాలు ఒకదానిలో బిగించి ఉంటాయి. వాటిని ముచ్చటపడి కొనుక్కోవచ్చు. కానీ మన ఇళ్లలో ఇంకా మిగిలినవి వేరు. మసకబారిన డయల్, చెమటకు నల్లబడిన అంచు, వెనక మూత మీద పేరు ఉన్నవి ఒక్కొక్కటీ ఒక్కటే.

అందుకే నా విన్నపం. ఈ డిసెంబరులో ఊరికి వెళ్లేవారు బీరువాలో, ట్రంకు పెట్టెలో ఒకసారి వెతకండి. దొరికిన వాచీకి వెంటనే కీ ఇచ్చి తిప్పకండి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న యంత్రంలో నూనె ఎండి గడ్డకట్టి ఉంటుంది, అలాగే నడిపిస్తే లోపలి చక్రాల ఇరుసులు అరిగిపోతాయి. నెల్లూరులోనో ఒంగోలులోనో, కంటికి భూతద్దం పెట్టుకుని కీ వాచీలు విప్పి శుభ్రం చేసే పాతకాలపు మెకానిక్ ఎవరున్నారో విచారించి అక్కడ ఇవ్వండి. డయల్‌కు రంగు వేయవద్దని, మూత మీది అక్షరాలు అరిగేలా పాలిష్ పెట్టవద్దని ముందే గట్టిగా చెప్పండి. అది ఎవరు కొన్నారు, ఎవరికి, ఏ సందర్భంలో ఇచ్చారు అన్న వివరాలు ఇంట్లో పెద్దవారు ఉండగానే అడిగి రాసుకోండి.

కార్యవర్గానికి నా మనవి ఒకటే. వచ్చే సావనీరులో ప్రకటనలకు పోగా నాలుగు పేజీలు ఈ వాచీలకు, వాటి కథలకు కేటాయించండి. ఫోటోలు తీయడం, పెద్దవారు ఫోనులో చెప్పింది విని రాసిపెట్టడం, అచ్చుతప్పులు దిద్దడం నేను చూసుకుంటాను.