కొత్త ప్యాకేజీ కన్నా ముందు పాత ప్యాకేజీ

పర్లాకిమిడి, గుణుపురం వైపు మన పిల్లలు లినక్సు ప్యాకేజింగ్ (సాఫ్ట్‌వేరును సులువుగా ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టి సిద్ధం చేసే పని) నేర్చుకుంటామని అడిగినప్పుడల్లా, ఇంతవరకు ఎవరూ ప్యాకేజీ చేయని సాఫ్ట్‌వేరు ఒకటి వెతుక్కొమ్మని చెప్పేవారే ఎక్కువ. ఈ సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

లినక్సు పంపిణీల్లో ఒకటైన డెబియన్‌లోకి కొత్త ప్యాకేజీ వెళ్లాలంటే, ఆ పని చేపట్టినట్టు ముందు డెబియన్ బగ్ ట్రాకరులో నమోదు చేయాలి, అప్‌లోడ్ హక్కు ఉన్న స్పాన్సరును ఒప్పించాలి, తరువాత కొత్త ప్యాకేజీలను ఆమోదించే ఎఫ్‌టీపీ మాస్టర్ల పరిశీలన పూర్తయ్యేదాకా ఆగాలి. అసలు బాధ్యత అక్కడినుంచే మొదలవుతుంది. చదువు కాగానే విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లి ఉద్యోగంలో మునిగిపోయే విద్యార్థి దానిని వదిలేస్తే, భద్రతా లోపాలూ వాడుకరుల ఫిర్యాదులూ ఇంకెవరి నెత్తినో పడతాయి. అలా వదిలేసిన ప్యాకేజీల జాబితాను డెబియన్ బహిరంగంగానే ఉంచుతోంది, మొదలుపెట్టవలసింది అక్కడ.

ఒక పాత ప్యాకేజీని ఆప్ట్ సోర్స్ ఆదేశంతో దించుకుని, అందులోని డెబియన్ అనే ఫోల్డరు తెరవండి. ప్యాకేజీని ఎలా తయారు (బిల్డ్) చేయాలో చెప్పే రూల్స్ ఫైలు చాలాసార్లు నాలుగైదు వరుసలే ఉంటుంది, కానీ అది మేక్ అనే పరికరం చదివే మేక్‌ఫైలు కాబట్టి ఆదేశం ముందు ట్యాబ్ బదులు ఖాళీలు పెడితే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. కంట్రోల్ ఫైలులో బిల్డుకు అవసరమైన లైబ్రరీలన్నీ రాయాలి. మీ ల్యాప్‌టాప్‌లో అవి ముందే ఉంటాయి గనుక ఒకటి మరిచినా తెలియదు, అందుకే ఎస్‌బిల్డ్ అనే పరికరంతో శుభ్రమైన వాతావరణంలో బిల్డ్ చేసి, ప్యాకేజీలోని తప్పులను వెతికే లింటియన్ చెప్పే ప్రతి హెచ్చరికనూ చదవాలి.

అన్నిటికన్నా ఓపిక కోరేది కాపీరైట్ ఫైలు. ఏ ఫైలు ఎవరిది, ఏ లైసెన్సు కిందిది అన్నది మనిషే కూర్చుని చూడాలి. మూల కోడ్ లేకుండా కుదించిన జావాస్క్రిప్ట్ ఫైలు ఒక్కటి దొరికినా, 1997లో ఆమోదించిన డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మార్గదర్శకాలకు అది విరుద్ధమే. ఈ పనిని విసుగని తప్పించుకునేవారు ప్యాకేజీల బాగోగులు చూసే మెయింటెయినర్లు కాలేరని నా నమ్మకం.

లోహిత్ తెలుగు, లోహిత్ ఒడియా ఫాంట్లు రెండూ డెబియన్‌లో ప్యాకేజీలుగా ఉన్నాయి, వాటిని ఫాంట్ల బృందం చూసుకుంటోంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివే మన పిల్లలకు ఈ రెండు లిపుల్లో ఒత్తు ఎక్కడ తప్పుగా పడిందో చూడగానే తెలుస్తుంది. అలాంటి తప్పు కనబడితే ప్యాకేజీ పేరు, వెర్షను, తప్పుగా కనిపించిన పదం రాసి బగ్ పెట్టండి, చేతనైతే దాన్ని సరిచేసే ప్యాచ్ కూడా జోడించండి.