పచ్చకామెర్లు లేని అప్పీలు

ఆదాయపు పన్నుకూ పచ్చకామెర్లకూ ఉన్న అవినాభావ సంబంధంపై మన వైద్య కళాశాలలు ఇంతవరకూ పరిశోధన చేయకపోవడం విచారకరం. అప్పీలు గడువు దాటగానే అసెసీకి, అంటే పన్ను కట్టాల్సినాయనకు, కామెర్లు వస్తాయి. గడువు దాటినన్నాళ్లూ ఉంటాయి. పిటిషన్ టైపు చేయించే రోజు పొద్దున్నే తగ్గిపోతాయి.

2026 ఏప్రిల్‌కు ముందరి ఏళ్ల పన్నుకు వర్తించే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, అధికారి ఇచ్చిన ఆర్డర్ మీద అప్పీల్స్ కమిషనర్ దగ్గరికి 30 రోజుల్లో వెళ్లాలి. దాటితే సెక్షన్ 249(3) కింద తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని, అంటే కండోన్ చెయ్యమని, అడగాలి. ఏది తగినదో చట్టం చెప్పలేదు. ఆ లోటును టైఫాయిడ్లు, కామెర్లు, అత్తగారి దశదినకర్మలు శక్తివంచన లేకుండా పూరిస్తున్నాయి.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక ఆడిటర్ ఆఫీసులో ఈ పూరించే కార్యక్రమాన్ని కళ్లారా చూశాను. ఎదురుగా బత్తాయి తోట, కాస్త వరి ఉన్న పెద్దాయన. పక్కన టైపు చేసే కుర్రాడు అఫిడవిట్ సగం కొట్టి, రోగం పేరు దగ్గర ఆగి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఈ నడుమ పానం బాగలేకుండె కదా, పెద్దాయనా?" అన్నాడు ఆడిటర్.

"నాకేమైంది సారూ, గట్టిగనే ఉన్న."

"గట్టిగుంటే అప్పీలు ఎందుకు ఎయ్యలేదని అడుగుతరు."

"ఆర్డర్ వచ్చిందనే తెల్వదాయె. బ్యాంకుల ఖాతా ఆపితే తెలిసింది."

"అది సరే. జరమన్న రాలేదా?"

"మా ఇంటామెకు మోకాళ్ల నొప్పులున్నయి."

ఆడిటర్ ఆలోచనలో పడ్డాడు. పోర్టల్‌లో అప్పీలు వేయడానికి భార్య మోకాళ్లతో పనేమిటని పైవాళ్లు అడిగితే జవాబు లేదు.

"పోనీ ఇంట్ల ఎవరన్న కాలం జేసిండ్రా?"

"మా అవ్వ పోయి పదేండ్లాయె."

"పదేండ్లయితే పనికిరాదు."

అవ్వ తరఫున పెద్దాయన కొంచెం నొచ్చుకున్నాడు.

అసలు కారణం లేక కాదు. నోటీసులన్నీ ఈ-మెయిల్‌కు పోయాయి. ఆ మెయిల్ పాన్ కార్డు చేయించిన ఇంటర్నెట్ సెంటర్ పిల్లగాడిది. వాడిప్పుడు హైదరాబాద్‌లో బిర్యానీలు డెలివరీ చేస్తున్నాడు. బత్తాయి అమ్మిన డబ్బు బ్యాంకులో వేసినందుకు జవాబు చెప్పలేదని సెక్షన్ 144 కింద ఏకపక్షంగా ఆర్డర్ పడింది. వ్యవసాయ ఆదాయానికి సెక్షన్ 10(1) కింద పన్నే లేదు. కానీ దాన్ని లెక్క చెప్పని డబ్బుగా చూసి సర్‌చార్జీ, సెస్సు కలిపి 78 శాతం పన్ను వేశారు. ఇంత స్వచ్ఛమైన నిజాన్ని అఫిడవిట్‌లో రాస్తే బలంగా ఉండదని ఆడిటర్ బెంగ. అబద్ధానికైతే సర్టిఫికెట్ దొరుకుతుంది. నిజానికి ఎవరిస్తారు?

ప్రతి రోజు ఆలస్యానికీ కారణం చెప్పాలనే మాటను మరీ పట్టుకుని వేలాడొద్దని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. అలాగైతే ప్రతి గంటకూ, ప్రతి సెకనుకూ ఎందుకు అడగరని ఎత్తిపొడిచింది కూడా. కాటీజీ కేసుగా లాయర్లందరికీ నోటికొచ్చిన ఆ తీర్పులో ఆలస్యం చేసింది ఎవరనుకున్నారు? భూసేకరణ కలెక్టర్. నాలుగు రోజులు. అంటే సర్కారు ఆలస్యం కోసం పుట్టిన దయ మీదే రైతు బతకాలి. 2012లో మాత్రం 427 రోజులు లేటుగా వచ్చిన తపాలా శాఖను అదే కోర్టు వెనక్కి పంపింది. ఉత్తరాలు మోసే శాఖ తన కాగితమే చేర్చలేకపోయింది. పాపం, దానికి కామెర్లు రాలేదు, ఫైలు బల్లల మధ్య తిరిగిందంతే. ఫైలు తిరగడం కూడా ఒక జబ్బే, సర్కారుకు మాత్రమే సోకుతుంది.

ఇక అప్పీలు వేశాక అవతలి వాళ్ల గడువు చూడండి. సెక్షన్ 250(6ఎ). అప్పీలు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిసిన ఏడాదిలోపు, సాధ్యమైతే, తేల్చవచ్చు. సాధ్యమైతే! రైతుకు ముప్పయ్యో రోజు అర్ధరాత్రి తలుపు మూసే చట్టం, జీతం తీసుకునే కమిషనర్‌కు మాత్రం వీలున్నప్పుడు చూడండి సార్ అని దండం పెడుతోంది. ఆయన ఏ రోజుకు ఏ కారణం చెప్పాలి? ఏ డాక్టర్ సంతకం తేవాలి? అది తేలేదాకా కట్టని పన్ను డిమాండ్ మీద నెలకు 1 శాతం వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అదే సర్కారు రైతుకు రీఫండ్ ఇవ్వాల్సి వస్తే నెలకు అర శాతం. ఆలస్యం ఎవరు చేసినా జరిమానా ఒకరికే పడే ఏర్పాటును వడ్డీ వ్యాపారి కూడా సిగ్గుపడకుండా చేయలేడు. ఇది న్యాయం పేరుతో జరుగుతున్న దోపిడీ, ఇంకో మాట లేదు.

ఐకేపీ సెంటర్‌లో అమ్మిన వడ్ల డబ్బు కూడా ఆ ఆగిపోయిన ఖాతాలోనే పడింది. కోత మిషన్ ఆయనకు, కూలోళ్లకు ఇవ్వాల్సింది అందులోదే. చివరకు మందుల షాపు చీటీ ఒకటి దొరికించుకుని కుర్రాడు మళ్లీ కీబోర్డు మీద పడ్డాడు. పెద్దాయన లేస్తూ ఆగాడు.

"సారూ, కూలోళ్లకు గూడ గిట్లనే ఒకటి రాసియ్యరాదు."

"వాళ్లు కండోన్ చెయ్యరు," అన్నాడు ఆడిటర్.