సవరణ: గోండి తెలుగుకు మాండలికం కాదు

ఆదిలాబాద్ ప్రాంతపు బహుభాషా జీవనం గురించి ఇంతకుముందు రాసినప్పుడు, గోండిని లిపి లేని తెలుగు మాండలికంగా పేర్కొన్నాను. ఆ రెండు మాటలూ తప్పే. గోండి, తెలుగుతో పాటు దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందిన స్వతంత్ర భాష. తెలుగుకు తోబుట్టువే తప్ప బిడ్డ కాదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన చేతిరాత ప్రతుల్లోని గోండి లిపికి 2018లో, కంప్యూటర్లలో లిపులను చూపే అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్‌లో స్థానం లభించింది. గోండికే ఉన్న మరో లిపి, మసరం గోండి, అంతకు ముందు ఏడాదే అందులో చేరింది. ఇంట్లో గోండి మాట్లాడుతూ, సంతలో అవసరాన్ని బట్టి తెలుగో మరాఠీయో అందుకునే మనిషిని కేవలం యాస గల తెలుగువాడిగా చూపడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు; అతనికి వచ్చిన భాషల్లో ఒకదాన్ని నేను లెక్కలోంచే తీసేశాను. అందుకు గోండి భాషీయులు మన్నించాలి. అదే ప్రాంతంలో మాట్లాడే మరో భాష కొలామీ మధ్య ద్రావిడ శాఖకు చెందినదన్న నా పాత వాక్యం సరైనదే కనుక దానిని మార్చలేదు.